మైహరు వాద్యబృందము

ఒంటరిగా కూర్చుండి వీణ వాయించుట ఒక విద్య. పదిమంది కూడి ఒకే పాటను ఒకే శ్రుతిలో, ఒకే తాళములో వాయించుట మఱియొక విద్య. మొదటిది వచ్చిన వారికెల్ల రెండవది దానంతట అదియే వచ్చునని తలపరాదు. ఇంటిలో చక్కగా వాయించు బాలుడు నలుగురి నడుమ కూర్చుండగానే తడబడును. వ్రేళ్ళు వాని మాట వినుచునే యుండును గాని, చెవి మాత్రము ప్రక్కవాని ధ్వనివెంట పోవును. ఈ రెండవ విద్యను పసివారికి నేర్పుట ఎంత కష్టమో, నేర్పినచో ఎంత ఫలమో తెలిసికొనుటకు మన దేశమున ఒక చక్కని నిదర్శనము కలదు. అది మైహరు వాద్యబృందము.

మైహరు నేటి మధ్యప్రదేశ్ రాష్ట్రమునందలి ఒక పట్టణము. దాని చెంత నున్న కొండమీద శారదాదేవి ఆలయము కలదు. ఆంగ్లేయుల పాలనకాలమున మైహరు ఒక చిన్న సంస్థానము. బ్రిజనాథసింగు దానికి రాజు. ఆయన సంగీతప్రియుడు. అల్లాఉద్దీన్‌ఖాన్ ఆయన ఆస్థాన విద్వాంసుడు.

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా అను విషజ్వరము లోకమంతట వ్యాపించెను. మన దేశములోనే కోటికిపైగా జనులు దానివాత పడిరి. ఆ కాలమున మైహరులోను అంటువ్యాధి చెలరేగి అనేక కుటుంబములను తుడిచిపెట్టెను. తల్లియు తండ్రియు లేక ఎందరో పిల్లలు వీథులపాలైరి. అట్టివారికి పూటకు ఇంత అన్నము పెట్టుట పుణ్యకార్యమే. కాని అన్నము నేటి ఆకలిని మాత్రమే తీర్చును. రేపటి బ్రతుకునకు చేతిలో ఒక విద్య యుండవలెను. అల్లాఉద్దీన్‌ఖాన్ ఆ అనాథబాలలను చేరదీసి, వారికి వాద్యములు నేర్పి, ఒక బృందముగా కూర్చెను.

ఈ కార్యములోని సాహసమును మనము గుర్తింపవలెను. సాధారణముగ గురువు శిష్యుని పరీక్షించి చేర్చుకొనును. కంఠము చూచును, చెవి చూచును, వంశము కూడ చూచును. మైహరులో అట్టి ఎన్నికకు తావు లేదు. దిక్కులేనివారగుటయే ఆ పిల్లల అర్హత. వారిలో చుఱుకైనవాడును ఉండవచ్చును, మందుడును ఉండవచ్చును. ఒకరిని వదలి ఒకరిని తీసికొనిన, వదలబడినవాడు మరల వీథిలోనికే పోవును. కావున అందఱకును చోటు కల్పింపవలసి యుండెను. ఒక విద్వాంసుని తయారుచేయుటకంటె ఇది కఠినతరమైన పని.

ఈ పనికి అల్లాఉద్దీన్‌ఖాన్ జీవితమే ఆయనను సిద్ధపఱచెను. ఆయన నేటి బంగ్లాదేశమునందలి బ్రాహ్మణబరియా ప్రాంతమున శివపురమను గ్రామమున జన్మించెను. సంగీతమునందలి మక్కువచే చిన్ననాడే ఇల్లు విడిచెను. కలకత్తాలో నూలో గోపాల్ అని ప్రసిద్ధుడైన గాయకుని సన్నిధిని గాత్రము నేర్చెను. ఆ గురువు మరణించిన పిమ్మట వాద్యములవైపు మరలెను. హాబూదత్తునొద్ద పలువాద్యములు అభ్యసించెను. నాటకశాలల వాద్యబృందములలో కూర్చుండి వాయించెను. లోబో అను గోవాదేశపు బ్యాండుమాస్టరునొద్ద పాశ్చాత్యపద్ధతిలో వయొలిను నేర్చెను. పిదప సరోదునందు కృషిచేసి, తుదకు రాంపురమున తాన్‌సేను సంప్రదాయమునకు చెందిన వజీర్‌ఖాన్‌ను ఆశ్రయించెను. ఆ గురువు శిష్యత్వము లభించుటకై ఆయన నవాబు వాహనమునకు అడ్డుపడెనని కూడ చెప్పుకొందురు. ఇట్లు పలువురు గురువులను సేవించి, పలువాద్యములను చేతపట్టి, నాటకశాల బృందములలో పదిమందితో కలిసి వాయించినవాడగుటచే, ఏ వాద్యము ఏ చేతికి తగునో, ఏ ధ్వని దేనితో కలియునో ఆయనకు బాగుగ తెలియును.

మన పూర్వులు వాద్యములను నాలుగు తెఱగులుగ విభజించిరి. తీగలతో మ్రోగునవి తతములు. గాలితో మ్రోగునవి సుషిరములు. తోలుమూత గలవి అవనద్ధములు. లోహము మొదలగు గట్టి వస్తువులతో చేయబడి, కొట్టుటచే మ్రోగునవి ఘనములు. భరతుని నాట్యశాస్త్రము వాద్యకారుల కూటమిని కుతపమని పేర్కొనెను. కావున బృందవాద్యము మనకు క్రొత్త కాదు. మైహరు బృందమున సితారు, సరోదు, ఎస్రాజు, తబలా మొదలగు దేశీయవాద్యములతోపాటు వయొలిను, చెల్లో, క్లారినెట్టు, హార్మోనియము మొదలగు పాశ్చాత్యవాద్యములును చేరెను. వీనిలో అన్నిటికంటె వింతయైనది నలతరంగము. తుపాకుల గొట్టములను వేర్వేఱు పొడవులకు కోయించి, వరుసగ పేర్చి, పుల్లలతో కొట్టి వాయించు ఘనవాద్య మది. గొట్టము పొట్టిదైనకొలది స్వరము హెచ్చును, పొడవైనకొలది తగ్గును. గుండ్లు వెడలు గొట్టములనుండి స్వరములు వెడలునట్లు చేసిన ఈ కల్పన అల్లాఉద్దీన్‌ఖాన్‌దే.

క్రొత్తగా వాద్యము పట్టిన పిల్లలను బృందముగా కూర్చు ఏ గురువునకైనను కొన్ని పనులు తప్పవు. వానిని క్రమముగ పరిశీలింతము.

మొదటిది శ్రుతి. పలువాద్యములు ఒకే షడ్జమున నిలువకున్న ఎంత మంచి పాటయు రొదగానే వినిపించును. రెండు తీగలలో ఒకటి సెకనునకు 240 మారులును, వేఱొకటి 243 మారులును కంపించుచున్న వనుకొనుడు. రెండును కూడి మ్రోగినపుడు ఆ ధ్వని సెకనునకు 3 మారులు ఉబ్బుచు, అణగుచు అలవలె ఊగును. తీగను మెల్లమెల్లగ సరిచేయుకొలది ఆ ఊపు నెమ్మదించును. రెండును సమానమైనపుడు పూర్తిగ అణగిపోవును. శ్రుతి కలిసిన దనుటకు అదియే గుర్తు. ఈ ఊపును వినుట నేర్చిన బాలునకు సగము విద్య వచ్చినట్లే. గురువు వచ్చి మర మెలిపెట్టి పోయినచో తీగ కలియును గాని చెవి తెఱచుకొనదు.

ఇందు మఱియొక చిక్కు కలదు. వేణువులో ఊదినకొలది లోని గాలి వేడెక్కి దాని స్వరము హెచ్చును. వేడికి తీగ సాగి దాని స్వరము తగ్గును. తేమగల దినములలో మృదంగపు తోలు వదులగును. ఆరంభమున కలిసిన వాద్యములు అరగంటలో వేఱగుటకు కారణ మిదియే. కావున శ్రుతి కలుపుట ఒకసారితో ముగియు పని కాదు. మఱియు హార్మోనియము, నలతరంగము వంటి వాద్యముల స్వరములను వాయించుచు మార్చుటకు వీలుండదు. తీగవాద్యముల స్వరములను మార్పవచ్చును. కావున మార్చుటకు వీలైనవి వీలుకానివానికి ఒదుగవలెను.

రెండవది లయ. పిల్లలు సులభమైన చోట పరుగెత్తుదురు. కష్టమైన చోట ఆగుదురు. ఒక్కడు వాయించునపుడు ఈ దోషము అంతగ కనబడదు. పదిమందిలో ఒకడు పరుగెత్తిన తక్కినవారు వానివెంట పడుదురు. అందుచే వాద్యము పట్టుటకు ముందు చేతితో తాళము వేయించుట మంచిపద్ధతి. ఆదితాళమునకు 8 అక్షరములు: లఘువునకు 4, రెండు ద్రుతములకు 4. మొదట తాళము వేయుట, పిదప తాళము వేయుచు స్వరములను నోట పలుకుట, ఆ తరువాతనే వాయించుట. నోటికి వచ్చినది చేతికి తేలికగ దిగును. మన కర్ణాటకసంగీతమున సరళివరుసలను మూడు కాలములలో సాధన చేయింతురు. రెండవకాలము మొదటిదానికి రెట్టింపు వేగము; మూడవకాలము రెండవదానికి రెట్టింపు. బృందమునకు మాత్రము మొదటికాలమే అధికప్రయోజనకరము. నెమ్మదిగ కలిసి వాయింపగలవారు వేగముగ వాయింపగలుగుదురు. వేగముతో మొదలిడినవారు నెమ్మదిగ కలిసి వాయింపలేరు.

పెద్ద పందిరిలో కూర్చుండి వాయించునపుడు చెవి యొక్కదానినే నమ్మరాదు. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్ల వేగమున పోవును. 34 మీటర్ల దూరమున నున్నవానికి ముందువాని ధ్వని సెకనులో పదవవంతు ఆలస్యముగ చేరును. వాడు ఆ ధ్వనిని విని తన స్వరమును వాయించిన, అది మరల అంతే ఆలస్యముగ ముందువానికి చేరును. ఇట్లు ఎవరి తప్పును లేకయే బృందము వెనుకపడును. అందుచే పిల్లలు దగ్గఱదగ్గఱగ అర్ధచంద్రాకారమున కూర్చుండి, నాయకుని చేతిని చూచుచు వాయింపవలెను. ధ్వని ఆలస్యముగ వచ్చినను చూపు ఆలస్యము కాదు.

మూడవది తగిన పాటను ఎన్నుకొనుట. గమకములు దట్టముగ నున్న రాగమును ఒక్కొక్క బాలుడు ఒక్కొక్క తీరున ఊపును, బృందము చెదరును. స్వరములు సూటిగ నిలుచు పాటలు తొలియత్నమునకు తగినవి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల బ్యాండు వరుసలను విని, శంకరాభరణ స్వరములలో సంస్కృతసాహిత్యముతో నోటుస్వరములను రచించెను. అవి పొట్టివి, తేటయైనవి. గమకముల చిక్కు లేనివి. నేర్చుకొను పిల్లల బృందమునకు ఇంతకంటె అనుకూలమైనవి అరుదు. మొదట అందఱును ఒకే వరుసను వాయింపవలెను. అపుడు ఎక్కడ ఎవరు తప్పిరో తేటగ వినబడును. అది కుదిరిన పిమ్మట తీగవారు ఒక పాదమును, గాలివాద్యములవారు మఱియొక పాదమును పంచుకొనవచ్చును.

ఇట్లు పంచుకొనుటలోనే నాలుగవ పాఠము కలదు. అది ఊరకుండుట. తన వంతు వచ్చువఱకు అక్షరములు లెక్కించుచు మౌనముగ నుండుట పసివారికి వాయించుటకంటె కష్టము. వాద్యము చేతిలో నున్నది, వ్రేళ్ళు దుఱదపెట్టుచున్నవి. అయినను ఆగవలెను. ఆగుట తెలిసినవాడే సరియైన చోట చేరగలడు.

అయిదవది ఇరుగుపొరుగును వినుట. బృందమున కూర్చుండిన బాలునకు తన ధ్వని తనకు వినబడదు. అందుచే వాడు తీగను గట్టిగ మీటును. అపుడు ప్రక్కవానికి తన ధ్వని వినబడదు. వాడును గట్టిగ మీటును. కొంతసేపటికి సంతలోవలె నుండును. దీనికి మందు ఒక్కటే. ప్రక్కవాని స్వరము వినబడునంత మెల్లగ తాను వాయింపవలెను. ప్రతివాడును ఈ నియమమును పాటించిన ఏ ఒక్కరి ధ్వనియు మునిగిపోదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, వెనుకబడిన బాలునకు చోటు చూపుట. మైహరులో ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో ముందే చూచితిమి. బృందవాద్యములోని మేలేమన, ఇందు చిన్నపనియు నిజమైన పనియే. నాలుగు స్వరములకంటె వాయింపలేనివానికి ఆ నాలుగు స్వరములే ఇయ్యవచ్చును. అవి వచ్చు చోట వానిని తప్పక వాయించుటయే వాని బాధ్యత. ఈ మర్మము మన మంగళవాద్యములవారికి ఏనాడో తెలియును. పెండ్లిలో నాదస్వరము వాయించు విద్వాంసుని ప్రక్కన డోలు వాయించువాడు, తాళము వేయువాడు, శ్రుతి పట్టువాడు కూర్చుందురు. ఆ కుటుంబములలోని చిన్నవారు పలుమారు తాళముతోను శ్రుతితోను బృందమున అడుగుపెట్టుదురు. శ్రుతి పట్టు బాలుడు ఒక్క స్వరమునే ఊదుచుండును. చూచువారు వానిని గమనింపకపోవచ్చును. కాని వాడు ఆపిన క్షణమున పెద్దవాని రాగమునకు నేల కదలిపోయినట్లుండును. అట్లు గంటలతరబడి కూర్చుండి, పెద్దల వాద్యమును వినుచు, ఆ బాలుడు తనకు తెలియకయే విద్యను పీల్చుకొనును.

తప్పు జరిగినపుడు ఏమి చేయవలెను? ఒంటరిసాధనలో తప్పినచోట ఆగి దిద్దుకొనవలెను. బృందమున ఆగరాదు. తప్పినవాడు చేయి తీసి, తాళమును మనసులో లెక్కించుచు, తరువాతి ఆవర్తము మొదట మరల కలియవలెను. ఈ పద్ధతిని ముందే నేర్పిన పిల్లవాడు తప్పునకు భయపడడు. నేర్పనియెడల ఒక తప్పునకు సిగ్గుపడి పాట ముగియువఱకు కలియకయే కూర్చుండును. మఱునాడు రాకయే పోవును. తొలి బృందములు చెడుట తఱచుగ తప్పులచేత కాదు, తప్పినవాడు తిరిగివచ్చు త్రోవ తెలియకపోవుటచేత.

అల్లాఉద్దీన్‌ఖాన్ కఠినుడైన గురువు. ఆయన కోపము ప్రసిద్ధము. ప్రఖ్యాత సితారు విద్వాంసుడు రవిశంకరు శిష్యుడుగ నున్న కాలమున ఒకనాడు గురువు మందలింపునకు నొచ్చుకొని మైహరు విడిచిపోవ సిద్ధపడెను. గురుపుత్రుడైన అలీఅక్బర్‌ఖాన్ ఆయనను ఆపెను. ఈ కోపము అనుకరింపదగిన గుణము కాదు. భయపడిన బాలుని చెవి ప్రక్కవాని స్వరముపై నిలువదు, గురువు ముఖముపై నిలుచును. అనుకరింపదగినది ఆయన శ్రమ. తాను గొప్ప విద్వాంసుడయ్యును, కచేరీలతో తృప్తిపడక, ఏమియు తెలియని పిల్లల నడుమ కూర్చుండి, మొదటి స్వరమునుండి మొదలుపెట్టుట సామాన్యమైన ఓర్పు కాదు. ఆయన కుమారుడు అలీఅక్బర్‌ఖాన్ సరోదునను, కుమార్తె అన్నపూర్ణాదేవి సుర్‌బహారునను, శిష్యులు రవిశంకరు, నిఖిల్ బెనర్జీ సితారునను, పన్నాలాల్ ఘోష్ వేణువునను కీర్తి గడించిరి. ప్రభుత్వము 1958లో ఆయనకు పద్మభూషణ్, 1971లో పద్మవిభూషణ్ బిరుదముల నిచ్చెను. 1972లో ఆయన దివంగతుడయ్యెను. అంతటి శిష్యపరంపర గలవాని పేరు తలచునపుడు, పేరు తెలియని ఆ అనాథబాలల బృందమును కూడ తలపకుండుట న్యాయము కాదు.

ఆ విత్తనము మైహరులోనే నిలిచిపోలేదు. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో జాతీయ వాద్యబృందమును నెలకొల్పెను. రవిశంకరు, టి. కె. జయరామయ్యరు దానిని నడపిరి. తరువాతికాలమున ఆ బృందమునకు స్వరరచన చేసి నడపినవారిలో ఈమని శంకరశాస్త్రి ఒకరు. ఈ వైణికుడు 1922లో గోదావరిసీమయందలి ద్రాక్షారామమున జన్మించిన తెలుగువాడు. హిందూస్థానీ వాద్యములవారును, కర్ణాటక వాద్యములవారును ఒకచోట కూర్చుండి కలిసి వాయించుట ఆ బృందమున అలవడెను.

మైహరు బృందము పుట్టి నూరేండ్లు దాటినది. తొలినాటి పిల్లలు పెద్దవారై, వృద్ధులై గతించిరి. వారి స్థానమున క్రొత్తవారు చేరుచు వచ్చిరి. నలతరంగము నేటికిని అందు మ్రోగుచున్నది. తల్లిదండ్రులు లేని పిల్లలకు ఆనాడు ఆ బృందము ఒక విద్యను, ఒక జీవనమును ఇచ్చెను. అంతేకాక, తాను రానియెడల తన చోటు వెలితిపడునని ఎదురుచూచు నలుగురు మనుష్యులను కూడ ఇచ్చెను. అనాథకు అన్నిటికంటె కొఱతయైనది అదియే కదా!

విద్యార్థులారా! మీ పాఠశాలలో నలుగురు వాద్యము నేర్చినవా రున్నచో, పెద్ద కచేరీకై నిరీక్షింపకుడు. ఒకచోట కూర్చుండుడు. ఒక్క షడ్జమును మాత్రమే మెల్లగ వాయింపుడు. నలుగురి స్వరములును కలిసి, ఆ ఊపు అణగి, ఏది ఎవరిదో గుర్తింపరానంతవఱకు ఓపికతో వినుడు. ఆ క్షణమున మీ బృందము పుట్టినట్లే. పాట తరువాత వచ్చును.